పగులు అనుకున్న గీత

మా చిన్నమ్మ పోయిన శనివారం తెల్లవారేటప్పుడు దవాఖానలో కన్ను మూసింది. "అక్కా, చిన్నమ్మ పోయింది" అని తమ్ముడు ఫోను చేశాడు. నేను మోకాళ్లూని ప్రార్థన చేసుకున్నాను. లేచేసరికి కళ్లముందు మెదిలింది ఆమె ముఖం కాదు, ఆమె అద్దం.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. హన్మకొండలో బాబాయి ఫొటో స్టూడియో నడిపినన్నాళ్లూ లోపలి గదిలో కూర్చుని ఫొటోలకు మెరుగులు దిద్దింది ఆమే. సన్నటి కుంచెతో ముఖాల మీద మచ్చలు మాపేది. కళ్లు మూసుకున్న పెండ్లికొడుకులకు కళ్లు తెరిపించేది. బాబాయి పోయి స్టూడియో మూతపడ్డాక అక్కడి నుంచి ఆమె తెచ్చుకున్నది, ఫొటోకు వచ్చిన గిరాకీలు తల దువ్వుకునే చిన్న అద్దం ఒక్కటే.

మా ఇంట్లో ఎవరు ఏ ఫొటో తీసినా ఆమె చూడాల్సిందే. ఊరికే బాగుందనేది కాదు. "ఫొటోను ముందుగాల అడగాలె బిడ్డా, నువ్వేం చెప్పటానికొచ్చినవని" అనేది. అది ఏమీ చెప్పకపోతే ఫోను తిరిగి ఇచ్చేసి చాయ్ తాగేది.

ఆమె చూపు ఎలాంటిదో నాకు తెలిసింది అమ్మమ్మ సమాధి రాయి దగ్గర.

అమ్మమ్మ కొత్తవాడలో జంపఖానాలు నేసింది. చిన్నమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడే చనిపోయింది. సమాధుల తోటలో గోడ వారగా ఆమె రాయి ఉంది, దాని పక్కన కొంచెం ఖాళీ చోటు. ఏటా సమాధుల పండుగకు ముందు వెళ్లి, గడ్డి పీకి, రాయికంతా సున్నం వేసేవాళ్లం. తెల్లగా మెరిస్తే మాకు తృప్తి. అలా మా ప్రేమంతా ఏటేటా సున్నమై అక్షరాల్లో గడ్డకట్టి, రాయి నున్నబడిపోయింది.

నిరుడు తోటలో జాగ చాలక, సంఘ పెద్ద ఒకాయన ఇంటికి వచ్చాడు. "పేరు కనవడని సమాధుల జాగ, కొత్తగ పోయినోళ్లకు ఇద్దామనుకుంటున్నమమ్మా. మీదే అని ఆనవాలుంటే ఫొటో తీసి ఇయ్యుండ్రి" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. చిన్నమ్మ మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

"నన్ను మా అమ్మ పక్కన పెట్టాలె. అమ్మనే లేకుంటే పక్క యాడిది?"

తమ్ముడు ఆ సాయంత్రమే వెళ్లాడు. బంతిపూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, వెనక పొద్దు గుంకుతుండగా తీశాడు. ఇంటి వాట్సాప్ గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. చిన్నమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది.

"మస్తుగున్నది. ఎవలదిరా?"

"అమ్మమ్మది గదా!"

"అది నువ్వు చెప్తున్నవ్. ఫొటో చెప్తలేదు."

మర్నాడు ఇంకొకటి తెచ్చాడు. వేళ్లతో తడిమి, తగిలిన గీతల మీద బొగ్గుతో దిద్దాడట. పేరు నల్లగా, స్పష్టంగా ఉంది. పని అయిపోయిందనుకున్నాను. చిన్నమ్మ ఫోను అటూ ఇటూ తిప్పింది.

"గీ చేతిరాత నీదిరా. బడికి పోయిన కాన్నుంచి గిట్లనే వంకరగ రాస్తవ్."

తమ్ముడికి రోషం వచ్చింది. "నువ్వు జిందగీ మొత్తం లేని కండ్లు గీసినవ్. నేను ఉన్న పేరు దిద్దితె తప్పా?"

ఆమె నవ్వింది. "పెండ్లికొడుకు ఇంట్ల ఉంటడు. కండ్లు తెరిచి చూపిస్తడు. మా అమ్మ వచ్చి చూపిస్తదారా?"

తర్వాత ఫొటో అడుగున వేలు పెట్టింది. "గీడ ఏదో ఉండాలె గదా. ఏది?"

"పగులుండె చిన్నమ్మా, నడుమల సక్కగ గీత లెక్క. మంచిగ లేదని ఫోన్లనే తీసేసిన."

రాయి చెక్కే మనిషితో వాళ్ల నాన్న, అంటే మా తాత, కింద ఇంకేదో పెట్టమని చాలాసేపు మాట్లాడటం ఆమెకు లీలగా గుర్తుంది. ఏం పెట్టమన్నాడో గుర్తు లేదు. పేరు సంగతి మరిచిపోయి ఫొటోలో ఆ ఖాళీ చోటునే చూస్తూ కూర్చుంది. "పగులు గంత నడుమల, గంత సక్కగ ఎట్ల వస్తదిరా?" అంది. అప్పటి నుంచి నాకూ అదే ఆలోచన.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం ఆటోలో వెళ్లాం. ఆమె ఒళ్లో అద్దం, పాత తువాలు, వెదురు పుల్లలు. తువాలు తడిపి రాయి మీద పరిచి, సున్నం నానేదాకా నన్ను ప్రార్థన చేయమంది. చేసి కళ్లు తెరిస్తే ఆమె అప్పటికే పుల్లతో గీకుతోంది.

"చిన్నమ్మా, ప్రార్థనల!"

"చెవులు ఇంటున్నయ్ బిడ్డా. చేతులు ఖాళీగున్నయని పెట్టిన."

సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచింది. అయినా ఎండలో రాయంతా ఒకటే తెలుపు. ఆమె నాకు గొడుగు ఇచ్చి రాయి మీద నీడ పట్టమంది. తను పక్కకు జరిగి ఎండలో అద్దం పట్టుకుని, ఆ వెలుగును రాయి మీదుగా ఒక వార నుంచి జారవిడిచింది. అప్పుడు ఒక్కో అక్షరం తన గుంటలో నీడ నింపుకుని పైకి తేలింది. పేరు. ఊరు. వాటి కింద, పగులు అనుకున్న చోట, రెండు కొనలూ సూదిగా, నడుమ తొర్రగా ఒక బొమ్మ.

మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె.

తమ్ముడు ఫొటో తీయడమే మరిచిపోయాడు.

"జర తియ్యిరా, చెయ్యి గుంజుతాంది" అంది చిన్నమ్మ. అద్దాన్ని మాత్రం కదలనివ్వలేదు.

ఆ ఫొటోలో పువ్వులు లేవు. మూలల్లో సున్నం మరకలు. ఒక పక్క నా చెప్పు పడింది. తమ్ముడు కత్తిరిస్తానంటే "ఉండనీ, రాయి ఎంతున్నదో తెలుస్తది" అంది. మళ్లీ మళ్లీ చూసుకుని, "గిది మాట్లాడుతాంది" అంది. ఒక ఫొటోకు ఆమె నోట నేను విన్న పెద్ద మెప్పు అదే.

సంఘ పెద్దలు చూశారు. జాగ మిగిలింది. ఆదివారం చిన్నమ్మను అక్కడే, వాళ్లమ్మ పక్కన పెట్టాం. తమ్ముడు అలవాటు కొద్దీ సున్నం బకెట్టు తెచ్చాడు. అమ్మమ్మ సమాధి అరుగుకు వేసి, రాయి దగ్గర ఆగాడు. నా వైపు చూసి బకెట్టు దూరంగా పెట్టాడు.

మూడో రోజు ప్రార్థనకు వెళ్తూ అద్దం వెంట తీసుకెళ్లాను. అందరూ వెళ్లాక ఎండకు ఎదురుగా పట్టాను. నాడె బొమ్మ తేలింది. ఇంత చిన్న బొమ్మ కోసం తాత అంతసేపు ఏం మాట్లాడి ఉంటాడో. అద్దం కొంచెం తిప్పాను. వెలుగు రాయి అంచు దాటి పక్కనున్న తడి మట్టి మీద పడింది. నా చెయ్యి గుంజేదాకా అక్కడే ఉంది.