ఎడమకాలు

హిందూపురంలో మా టీ అంగడి పక్క మోటారు షెడ్డులోని మేస్త్రీ, ఏ బండి వచ్చినా ముందు నూనె కొలిచే కడ్డీ తీసి వాసన చూసేవాడు.

పెనుకొండ భూస్వామి ఒకాయన క్లచ్చి లేని పాత అమెరికా కారు కొన్నాడు. గేర్లు వాటంతటవే మారతాయి, మారినప్పుడల్లా కారు ఎగిరిపడేది. మేస్త్రీ నూనె మార్చినా తగ్గలేదు. మరుసటి వారం ఆయన తోలుతుంటే మేస్త్రీ పక్కన కూర్చుని ఊరు చుట్టి వచ్చాడు. దిగి, ఇంజను ఆపకుండానే కడ్డీ వాసన చూశాడు.

"నూనెలో దోషం లేదు సామీ. అసలు..."

"మంచి నూనె కాజేసి మడ్డి పోసినావు గదరా, దొంగా!" అంటూ ఆయన బజార్లోనే చెంప పగలగొట్టాడు. మేస్త్రీ కడ్డీ తిరిగి దూర్చి షెడ్డులోకి పోయాడు.

ఏడాదిపాటు ఆ కారు ధర్మవరం దాకా ఎగిరిపడుతూనే తిరిగింది. బెంగుళూరు మెకానిక్కులూ చేతులెత్తేశాక, ఆయన మళ్ళీ మా వీధికే వచ్చాడు. మేస్త్రీ సంతరోజు రమ్మన్నాడు. అందరి ముందూ ఆయన ఎడమకాలు మడిచి సీటు మీద పెట్టించి, తువ్వాలుతో గట్టిగా కట్టేశాడు. మరమ్మతే అనుకుని ఆయన కట్టించుకున్నాడు.

"ఇప్పుడు తోలండి."

కారు కుదుపు లేకుండా పోయి వచ్చింది. లేని క్లచ్చి కోసం ఆ కాలు ఇన్నాళ్ళూ బ్రేకు తొక్కుతోందని తెలిసి సంతంతా నవ్వింది. నేనైతే కడుపు చల్లబడేదాకా నవ్వాను.

"నీకెప్పుడు తెలిసిందిరా ఇది?" అన్నాడాయన, ఇంకా కాలు కట్టుతోనే.

మేస్త్రీ కడ్డీ తుడుస్తూ అన్నాడు. "ఆ పొద్దే సామీ. చెప్పబోతాంటే మీ చెయ్యి ముందొచ్చె."