‘ల’ దాకా వచ్చిన రూతమ్మ శబ్దాలు

ఈ ఏడాది ఆషాఢం మొదటి గురువారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. జూబ్లీ హిల్స్‌లో మా స్టూడియో యజమాని ఇంటి హాల్లో, టీవీ కింద ఉన్న నల్ల పెట్టె గుర్రుమని తిరగడం మొదలుపెట్టింది. రెండు ఇటుకలంత ఉంటుంది ఆ పెట్టె. లోపల డిస్కులుంటాయి. ఆ ఇంటివాళ్లు తమ సినిమాలూ ఫోటోలూ అందులో దాచుకుంటారు. లాప్‌టాప్‌లోంచి వైఫై మీద పంపితే వెళ్లి అందులో కూర్చుంటాయి. ఆ చప్పుడు వినగానే నాకు ఒళ్లు మండింది. ఫిల్మ్ నగర్‌లోని మా రికార్డింగ్ థియేటర్‌లో పాత టేపు మిషను అచ్చం అలాగే తిరిగేది. ఆ మిషను ముందు ముప్ఫై ఏళ్లు కూర్చున్న మనిషి పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆమె పేరు రూతమ్మ. మీలో ఎవరూ విని ఉండరు. అది మీ తప్పు కాదు. ఎవరి తప్పో చెబుతాను.

తెర మీద నాయిక బురదలో నడుస్తుంటే వినిపించే అడుగుల చప్పుడు షూటింగులో పట్టింది కాదు. తర్వాత చీకటి థియేటర్లో బొమ్మ చూస్తూ ఎవరో తొట్టెలో బురద పోసి తొక్కుతారు. గాజులు గలగలలాడించడం, తలుపు కిర్రుమనిపించడం, చీర కుచ్చిళ్లు సర్దడం, అన్నీ అంతే. మా స్టూడియోలో ఆ పని రూతమ్మది. భీమవరం వైపు మనిషి. చర్చిలో పాడి పెరిగిన చెవి. ఆమె పట్టి దాచిన శబ్దాలు మూడు వేల పైచిలుకు. చివరి రోజుల్లో, పాడైపోతున్న టేపులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కోదానికి తెలుగులో పేరు పెట్టింది. “ఇంగ్లీషులో పెడితే నువ్వెలా వెతుకుతావే?” అంది. నేనంటే ఆ థియేటర్ ఊడ్చిన మనిషిని. నా పేరు మల్లమ్మ.

నాకు అక్షరం వచ్చింది నలభై మూడో ఏట. అదీ బడిలో కాదు. ఒకరోజు థియేటర్లో ఏం రికార్డు చేసినా వెనక సన్నగా జుమ్మని ఒక మోత వస్తోంది. అందరూ అరుస్తున్నారు. ఒకడు మైకు మార్చమంటాడు, ఒకడు తీగలన్నీ పీకి కొత్తవి వేయమంటాడు. రూతమ్మ అందరినీ బయటికి పంపింది. మూలన చీపురుతో నిలబడ్డ నాకు పెన్సిలు, అట్ట ఇచ్చింది. “నేనొక్కొక్కటే మారుస్తాను. మార్చాక మోత ఉందో పోయిందో చెబుతాను. రాయి.”

“నాకు రాయరాదమ్మా.”

“రాదా? నలభై ఏళ్లు దాటాయిగా, ఇన్నాళ్లూ ఏం చేశావ్?”

నాకు రోషం వచ్చింది. “బతికిన. గదే చేసిన. మీరేం చేసిన్రు?”

ఆమె పకపకా నవ్వింది. “సరే, మోత ఉంటే నిలువు గీత పెట్టు. పోతే సున్నా చుట్టు. రేపట్నుంచి అక్షరాలు.” ఆ రోజు నేను పదకొండు నిలువు గీతలు గీశాను. మైకు కాదు, తీగ కాదు, మిషను కాదు. పన్నెండోసారి ఆమె బయటి వరండాలోకి వెళ్లి, స్టూడియో కట్టిన పెద్దాయన ఫోటోకు చుట్టిన చిన్న బల్బుల దండ ఆపేసింది. మోత పోయింది. ఆ దండకూ మా మైకుకూ ఒకే కరెంటు లైను. అది ఎవరికీ తట్టకపోవడం కాదు, తట్టినా ముట్టరు. దేవుడిలాంటి మనిషి ఫోటో కదా! స్టూడియో మేనేజరు పరుగెత్తుకొచ్చి, “అపచారమండీ, పెద్దాయన దీపాలు ఆర్పేస్తారా?” అన్నాడు. “ఆయన సౌండు బాగుండాలని స్టూడియో కట్టాడా, బల్బులు వెలగాలని కట్టాడా?” అంది రూతమ్మ. నేను సున్నా చుట్టాను. నేను రాసిన మొదటి అక్షరం అదే అనుకుంటాను.

మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట నాకు బడి. పుస్తకం లేదు, టేపు డబ్బాల మీది చీటీలే. తప్పు రాస్తే చీటీ చింపి నా చేతిలో పెట్టేది, మెచ్చుకోవడం మాత్రం ఆమె నోటికి రాదు. రెండేళ్లకు డబ్బాలన్నిటి మీదా నా చేతిరాతే. చీపురు మానేసి ఆమె పక్కన నిలబడ్డాను. ఎంతో మంది నాయికలకు నడక నేనే నడిచాను. అక్కా అని పిలిచేంత చనువు వచ్చాక ఒకసారి అడిగాను, “అక్కా, టైటిల్స్‌ల నీ పేరు ఎయ్యరేంది? జర అడగరాదా?” అని.

“అడిగి వేయించుకునేది పేరవుద్దా మల్లమ్మా? వాళ్లకే తెలియాలి.”

ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. వాళ్లకు తెలిసే వేయలేదు. ఆమె మర్యాద వాళ్లకు బాగా కలిసొచ్చింది. ఆ విషయంలో ఆమె మీద కూడా నాకు కోపమే, పోయిన మనిషి అని దాచను.

ఇప్పుడా గురువారానికి వస్తాను. స్టూడియోను యజమాని ఇంకొకరికి అమ్మేశాడు. సామాన్లతో పాటు రూతమ్మ లాప్‌టాప్ కూడా వాళ్లదే. సాయంత్రం ఐదింటికి మనిషి వచ్చి, దాన్ని పట్టుకుపోయి, అందులో ఉన్నదంతా తుడిచేస్తాడు. వేరే డిస్కులోకి ఎక్కించుకుందామంటే కుదరదు. సినిమాలు దొంగతనంగా బయటికి పోకుండా ఆ లాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ దారి, తీగ దారి, ఇంటర్నెట్ దారి అన్నీ మూసేశారు. ఒక్క దారి మాత్రం ఉంచారు. యజమాని ఇంట్లో కూర్చుని చూసుకోవడానికి, ఆ ఇంటి వైఫై మీద ఆ నల్ల పెట్టెకు పంపవచ్చు. తర్వాత పెట్టెలోంచి మేము తీసుకోవచ్చునని ఆయన ఒప్పుకున్నాడు. రూతమ్మ తమ్ముడి కూతురు ఎస్తేరు టోలిచౌకిలో కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. సెలవు పెట్టి నాతో వచ్చింది. పంపడం మొదలుపెట్టగానే తెర మీద కనిపించింది, ఇంకా పదహారు గంటలు పడుతుందని. మా చేతిలో ఉన్నవి ఆరు గంటలు కూడా లేవు.

ఇంటి వ్యవహారాలు చూసే మేనేజరు సుధాకర్ వచ్చి వంగి చూశాడు. “ఫైల్స్ చిన్న చిన్నవి, వేలల్లో ఉన్నాయి కదా పెద్దమ్మా, అందుకే స్లో. ముఖ్యమైనవి ఒక వంద సెలెక్ట్ చేసుకోండి. మిగతావి వదిలేయండి.”

“నీకెంతమంది పిల్లలు సారూ?”

“ఇద్దరండీ. ఎందుకు?”

“ముఖ్యమైనోడెవడో నువ్వు ముందు సెలెక్ట్ చేస్కో. తర్వాత నేను చేస్కుంట.”

ఎస్తేరు నా చెయ్యి నొక్కింది. నేను సంచిలోంచి నోటుబుక్కు తీశాను. అన్నీ ఆపించి, గంటసేపు పట్టిన సంత రొద ఒక్కటే, ఒకే పెద్ద ఫైలు, పంపించాను. అదీ నత్తనడకే. ‘11.40. పెద్దది ఒక్కటే. మార్పు లేదు’ అని రాశాను. అంటే చిన్న ఫైళ్ల మీద నింద తప్పు. ఇంట్లో అందరూ వైఫై వాడుతున్నారేమో అన్నాడు సుధాకర్. అందరి ఫోన్లలో వైఫై ఆపించాను. వంటావిడ లక్ష్మి ఫోను కూడా తెచ్చి చూపించింది. మార్పు లేదు. లాప్‌టాప్ పాతదన్నాడు. ఎస్తేరు తన ఫోన్లోంచి ఒక వీడియో అదే పెట్టెకు పంపింది. అదీ ఈడ్చుకుంటూనే పోయింది. అయితే పెట్టే పాడైందన్నాడు. పెట్టె నుంచి టీవీకి తీగ ఉంది, అందులోని సినిమా పెట్టించాను. ఎక్కడా ఆగకుండా ఆడింది. ఇటు లాప్‌టాప్ మంచిదే, అటు పెట్టె మంచిదే. మిగిలింది మధ్యలో గాలి.

“వైఫై వచ్చే డబ్బా ఏడుంది సారూ?”

సుధాకర్ హాలంతా కలియజూశాడు. ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నవాడు! “ఇంటీరియర్ వాళ్లు ఎక్కడో పెట్టారండీ. వైర్లు కనబడకూడదని మేడమ్ చెప్పారు.”

నల్ల పెట్టె వెనక నుంచి వెళ్లిన తీగను చేత్తో పట్టుకుని, గోడ వెంట వంగి నడిచాను. ఈ వయసులో నా నడుము నాకు వినబడింది. తీగ పోయి పోయి షోకేసులో దూరింది. మనిషెత్తు టేకు బీరువా. వెనక నిలువుటద్దం, ముందు గాజు తలుపులు, లోపల వరసలు వరసలుగా, సినిమాలకు బహుమతిగా వచ్చిన ఇత్తడి షీల్డులు. సినిమావాళ్ల ఇళ్లలో దేవుడి గది తర్వాత అదే కదా! కింది వరస షీల్డుల వెనక, అద్దానికి ఆనించి, ఆ తెల్ల డబ్బా. శబ్దానికి అద్దం ఎంత అడ్డమో, ఇత్తడి పలక ఎంత అడ్డమో రూతమ్మ నాకు చప్పట్లు కొట్టించి చూపించింది. వైఫై శబ్దం కాదని నాకు తెలుసు. ఇది కూడా అలాగే అవుతుందేమో చూడాలంటే తీసి చూడాలి.

“షీల్డులు కదపకూడదండీ,” అన్నాడు సుధాకర్. “పంతులుగారు చెప్పిన వరసలో పెట్టారు. సార్‌ని అడగాలి.”

“అడుగు.”

“సార్ కొత్త సినిమా కథ వింటున్నారు. ఫోన్ ఆఫ్.”

అప్పుడు పన్నెండూ యాభై. మళ్లీ అన్నీ పంపడం మొదలుపెట్టించి కూర్చున్నాం. ఒంటిగంట అయింది, రెండైంది. లక్ష్మి టీ ఇచ్చింది. తెర మీద గంటలు తరగడం లేదు. ఎస్తేరు రెండుసార్లు, “అన్నా, ప్లీజ్ అన్నా,” అని బతిమాలింది. అతను ఫోను చూపిస్తాడు, నేనేం చేయనంటాడు. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి పని జరిపించుకునేదాన్ని. ఈ భయస్తుల మర్యాద ఉందే, దాన్ని ఎక్కడ పట్టుకుని ఊపాలో తెలియదు. రెండూ నలభైకి లేచాను. గాజు తలుపు తెరిచాను. తలుపు తెరిచినందుకు తెర మీద ఏ మార్పూ లేదు. రాశాను. తర్వాత కింది వరస షీల్డులు ఒక్కొక్కటి తీసి నేల మీద పెట్టాను.

“పెద్దమ్మా, నా ఉద్యోగం పోతుంది!”

“నేనే తీసినని చెప్పు. నా పేరు రాసుకో.”

తీస్తూ ప్రతి దాని మీదా రాసింది చదివాను. చదవడం వచ్చిన దగ్గర్నుంచి చదవకుండా దేన్నీ ముట్టలేను. ఆరోది చూసి ఆగిపోయాను. ఉత్తమ శబ్దం అని ఉంది. కింద సినిమా పేరు, యజమాని పేరు. ఆ సినిమాకు రూతమ్మ నా చేత బురద తొట్టెలో ఒక పూటంతా నడిపించింది. గోళ్లలోంచి ఆ మన్ను పోవడానికి వారం పట్టింది.

“గిది గీడెందుకుంది?” అని అడిగాను.

“సార్ ఫిల్ముకి వచ్చిందండీ.”

“నడిచింది నా కాళ్లు. ఇన్నది మా అక్క చెవి. ఆమె బతికుండంగ ఈ ముక్కను ఒక్కపాలి ఆమె చేతుల పెట్టలె. ఇయ్యాల ఆమె శబ్దాలకే అడ్డం పెట్టిన్రు.”

షీల్డులన్నీ తీసేసరికి పదహారు గంటలు తొమ్మిదికి దిగాయి. తెల్ల డబ్బా బయటికి లాగి, లక్ష్మి తెచ్చిన స్టూలు మీద పెట్టాం. తెర మీద అంకెలు గిర్రున తిరిగి, రెండు గంటల ఇరవై నిమిషాల దగ్గర నిలిచాయి. టైము చూశాను. మూడూ ఐదు. నిజంగా చేరుతున్నాయో లేదో అని పెట్టెలోకి వెళ్లినదొకటి టీవీలో పెట్టించాను. మొదట రూతమ్మ గొంతు, “అరుగు మీద కుండ దించడం, రెండోసారి.” తర్వాత కుండ చప్పుడు. “ఎవరండీ ఆవిడ?” అన్నాడు సుధాకర్. ఎస్తేరు ముఖం అటు తిప్పుకుంది.

సరిగ్గా ఐదుకు కొన్నవాళ్ల మనిషి నరేష్ వచ్చాడు. బతిమాలితే కూర్చున్నాడు. పది నిమిషాలకు అతని ఫోను మోగింది. మళ్లీ మోగింది. ఐదూ పన్నెండుకు, “సారీ అమ్మా, నాకు కూడా పైనుంచి తిట్లు,” అని లాప్‌టాప్ మూసి పట్టుకుపోయాడు. ఇంకో పదమూడు నిమిషాలు చాలు. అతన్ని నేను తిట్టలేదు. ఒంటిగంట నుంచి రెండూ నలభై దాకా నేను కూర్చున్న సోఫాను తిట్టుకున్నాను.

“చాలావరకు వచ్చేసినట్టే కదండీ,” అన్నాడు సుధాకర్, ఓదార్పుగా.

చాలావరకు! ఫైళ్లు అక్షరాల వరసలో వెళతాయి. చివరగా వచ్చింది లాంతరు చిమ్నీ తీయడం. ‘ల’ దాకా వచ్చాయి. ‘వ’ నుంచి పోయాయి. వాన పోయింది, సముద్రం పోయింది. అవి మళ్లీ పట్టుకోవచ్చు, వానలు కురుస్తూనే ఉంటాయి. ‘శ్వాస’ అని ఒకటుండేది. నాయిక నిద్రపోతున్నప్పుడు, వెక్కి వెక్కి ఏడ్చి ఊరుకున్నప్పుడు, చనిపోయే ముందు వినిపించే ఊపిరి ఎవరిదనుకున్నారు? అన్నీ రూతమ్మవే. నలభై ఏడు రకాల ఊపిరి. మైకు పెట్టింది నేను, చీటీ రాసింది నేను. ఆ సాయంత్రమే వాటిని తుడిచేసి ఉంటారు.

నాకు కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు. అందరూ పోనివ్వమంటున్నారు. పోనిస్తే ఏం పోతుందో నేను కళ్లారా చూశాను. రూతమ్మ దగ్గర్నుంచి నాకు మిగిలిన అలవాటు ఒకటుంది. పని ముగిశాక, ఆ రోజు చేసింది రాసుకునే లాగ్ కాగితం కింద, ఆ పూట గదిలో ఎవరెవరున్నారో పేర్లు రాయించేది. టీ తెచ్చినవాళ్లనూ వదిలేది కాదు. “తెర మీద వేయరు, మనమైనా వేసుకోవద్దూ?” అనేది. నా నోటుబుక్కులో ఆ గురువారం పేజీ కింద ఇలా రాశాను.

హాల్లో ఉన్నవాళ్లు. లాప్‌టాప్ దగ్గర ఎస్తేరు. స్టూలు తెచ్చిన లక్ష్మి. షోకేసు దగ్గర సుధాకర్. ఐదు గంటలకు వచ్చిన నరేష్. యజమాని లేడు. రాసింది మల్లమ్మ.