డోరు కింది చిల్లులు

వనపర్తి బస్టాండు వెనక కార్ల స్పీకర్లు బాగుచేసే కృప నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది. నిజమే, మంచిది కాదు. చెయ్యి మంచిది కాబట్టి తిట్లు తిని కూడా జనం ఆమె దగ్గరికే వస్తారు. స్పీకరు బురబురమంటోందని ఎవరైనా కారు తెస్తే చాలు, ముందు చీవాట్లు మొదలవుతాయి. డోరు ప్యాడ్ వెనక తడి తగలకుండా కంపెనీవాడు అతికించిన ప్లాస్టిక్ కాగితాన్ని ఎవడు చింపాడని అడుగుతుంది. అద్దం సందులోకి పైపు పెట్టి కడిగిందెవరని అడుగుతుంది. ఆ తర్వాతే స్క్రూడ్రైవరు తీస్తుంది.

ఆ కోపం పుట్టింది ఇక్కడ కాదు, మంచుకొండల్లో. పదిహేనేళ్ల కిందట కృప, ఆమె తండ్రి జాన్, పాలమూరు కూలీల గుంపుతో సొరంగం పనికి పోయారు. తీసుకుపోయింది కోడేరు గుంపు మేస్త్రీ అనంతయ్య. ఆయన తన కొత్త కారును కూడా అంత దూరం తెప్పించుకున్నాడు. పొద్దంతా రాళ్లు మోసిన జాన్ సాయంత్రం ఆ కారు కడగాలి. డిసెంబరులో ఒక పొద్దున మేస్త్రీ పాట పెడితే స్పీకరు పలకలేదు. విప్పి చూస్తే, డోరు నిండా నిలిచిన నీళ్లు రాత్రి చలికి గడ్డకట్టి, స్పీకరులోని కాగితపు డొప్పను నిలువునా చీల్చేశాయి. కడిగినవాడే చెడగొట్టాడన్నాడు మేస్త్రీ. నీళ్లు పోసినోడే మంచు తియ్యాలని, గుంపంతా చూస్తుండగా జాన్‌ చేత వట్టి చేతులతో ఆ గడ్డలన్నీ తవ్వించాడు. వేళ్లు నల్లబడ్డాయి. దవాఖానలో కుడిచేతికి రెండు వేళ్లు తీసేశారు. ఇది విని అయ్యో అంటే సరిపోదు, కోపం రావాలి.

కృపను అంతకన్నా కాల్చింది ఇంకొకటుంది. జాన్ మేస్త్రీని పల్లెత్తు మాట అనలేదు. తప్పు తనదేనని నమ్మాడు. వేళ్లేమయ్యాయని ఎవరడిగినా, పెద్దోళ్ల కారు చెడగొట్టానని, దేవుడు శిక్ష వేశాడని చెప్పేవాడు. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే అక్కడా అదే. కూతురు మాత్రం ఒప్పుకోలేదు. ఆ క్యాంపు షెడ్డులో ఉన్న మెకానిక్కు దగ్గరే పని నేర్చుకుంది. అద్దం సందులోంచి డోరులోకి నీళ్లు దిగడం మామూలేననీ, అవి కారిపోవడానికి అడుగున చిల్లులుంటాయనీ ఆయన చెప్పాడు. మరి ఆ నీళ్లు ఎందుకు నిలిచాయి? ఆ సంగతి తెలిసేసరికే మేస్త్రీ హైదరాబాదుకు మకాం మార్చాడు, కారు మళ్లీ కంటబడలేదు. నాయన తప్పు కాదని నాయనకే నిరూపించలేక ఆమె పదిహేనేళ్లు దొరికినవాళ్లందరినీ తిట్టింది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

మొన్న డిసెంబరులో, పొగమంచు ఇంకా విడవని పొద్దున, ఒక పాత తెల్లకారు షాపు ముందు ఆగింది. దిగింది, హైదరాబాదు నుంచి ఊరికొచ్చిన అనంతయ్య. జుట్టు నెరిసింది గాని చొక్కా ఇస్త్రీ నలగలేదు. కృపను గుర్తుపట్టలేదు. కూలీల ముఖాలు ఆయన ఎప్పుడు చూశాడు గనక? ఇది నాలుగో జత స్పీకర్లనీ, దుకాణాలవాళ్లంతా దొంగ సరుకు అంటగడుతున్నారనీ మండిపడ్డాడు. కృప వంగి డోరు అడుగున వేలితో తడిమింది. చిల్లులు ఉండాల్సిన చోట పుట్టీ రాయిలా బిగుసుకుని ఉంది.

"ఇవి ఎవరు మూసిండ్రు?"

"నేనే. మన దిక్కు ఎర్రదుమ్ము సంగతి తెల్వదా? లోపలికి రావద్దని నా చేతులతోనే నింపిన." గొప్ప తెలివి చూపించినట్టు నవ్వాడు.

"ఎప్పుడు?"

"కొన్న నెలకే. పైకి సొరంగం పనికి తీస్కపోకముందు."

కృప ఇన్నేళ్లు ఊరందరికీ పంచిపెట్టిన తిట్లు, అసలువాడు ఎదురుగా నిలబడితే ఒక్కటీ నోటికి రాలేదు. ఉలి పెట్టి సుత్తితో కొట్టింది. పుట్టీ ఊడి, తుప్పు నీళ్లు బళబళా మేస్త్రీ బూట్ల మీద పడ్డాయి. ఆయన ఎగిరి వెనక్కి తగ్గాడు.

"జాన్ యాదికున్నడా మేస్త్రీ? ఈ డోరుల మంచు తవ్వి వేళ్లు పోగొట్టుకున్న జాన్. నేను ఆయన బిడ్డను."

ఎప్పటి ముచ్చటో ఇప్పుడెందుకని మేస్త్రీ దాటెయ్యబోయాడు. కృప కారు తాళంచెవి తీసి జేబులో వేసుకుంది. నాయన సద్ది తీసుకుని వస్తాడని, ఆయన ముందర ఈ మాట చెప్పేదాకా కారు కదలదని చెప్పింది. మేస్త్రీ అరిచాడు, బెదిరించాడు, చివరికి బల్ల మీద కూలబడ్డాడు.

మధ్యాహ్నం జాన్ వచ్చాడు. మేస్త్రీని చూడగానే సద్దిగిన్నె కింద పెట్టి, అప్పటిలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అది చూసిన కృప పుట్టీ ముక్కను ఆయన మూడువేళ్ల చేతిలో పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. జాన్ దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"అయితే కారు చెడగొట్టింది నేను కాదా అయ్యా?"

మేస్త్రీ రోడ్డు వైపు చూశాడు, కృప జేబు వైపు చూశాడు. "నువ్వు కాదు," అన్నాడు నేలచూపులతో.

జాన్ తల ఊపాడు. డోరు అంచు నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? పక్కనున్న గుడ్డ అందుకుని తుడవడానికి వంగాడు. కృప అరవబోయింది. అంతలో ఆయన చెయ్యి తనంతట తానే ఆగింది. గుడ్డ పట్టుకున్న మూడు వేళ్లనూ చూసుకున్నాడు. మెల్లగా నిటారుగా లేచి ఆ గుడ్డను అనంతయ్యకు అందించాడు.

"నీ కారు నువ్వే తుడుచుకో మేస్త్రీ."