క్వారీ కాలవ పారిన ఎండాకాలం

మొన్న మా వీధిలో ఎవరో వంటగదికి నల్లరాతి పలకలు వేయించుకుంటుంటే, తిరిగే బ్లేడు మీద చెంబుతో నీళ్లు పోస్తూ మేస్త్రీ రాయి కోస్తున్నాడు. ధర్మపురి బస్టాండుకు తొందరగా నడుస్తున్న నన్ను ఆ తడి రాతిపొడి వాసన అక్కడే నిలబెట్టేసింది. కొత్తవాన వాసనకు దగ్గరగా ఉంటుంది గాని అది వాన వాసన కాదు. అందులో కాస్త డీజిలూ కాస్త వేడీ కలిసి ఉంటాయి. నా చిన్నతనంలో రెండు ఎండాకాలాల పాటు మా ఊరంతా ఆ వాసనే.

మాది తమిళ సీమలో, ధర్మపురి పక్క ఇండూరు దాటాక వచ్చే చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాయన కాయగూరలు కారిమంగళం సంతకు తీసుకుపోయేవాడు. సేద్యమంతా నాయనకు అక్క, మా రాజమ్మత్తది. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. ఆమెకు సేద్యపు మడి ఎంత ముఖ్యమో మడి మధ్యనున్న మెట్లబావి అంతకన్నా ముఖ్యం. ఐప్పసి నెలలో, దీపావళి నాటి వానలకు నీళ్లు మెట్లెక్కి పైకొచ్చేవి, ఎండలు ముదిరే కొద్దీ ఒక్కో మెట్టూ దిగిపోయేవి. మార్గళి నెల చలి పొద్దుల్లో నీళ్ల మీద ఆవిరి లేస్తుంటే, నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని పిల్లలం దూకేవాళ్లం. పైన గాలి కొరికేసేది, లోపల నీళ్లు అమ్మ కడుపులా వెచ్చగా ఉండేవి. రాళ్ల సందుల్లోంచి పావురాళ్లు ఒక్కసారిగా లేచి, వత్తల్‌మలై కొండ నీలంగా కనిపించే వైపు ఎగిరిపోయేవి.

ఊరి వెనక గుట్టలో రాయి తీసే క్వారీ పెట్టిన కొన్నాళ్లకు గుంతలో ఊట తగిలింది. పూసలు గుచ్చిన ఇనుప తీగతో రాయిని కోసేవాళ్లు; తీగ వేడెక్కకుండా దాని మీద ఎడతెగకుండా నీళ్లు పడాలి. గుంతలోంచి తోడిన నీళ్లలో కొన్ని తీగకు పోయేవి, మిగిలినవన్నీ పాలలా తెల్లబడి మా మడుల పక్కనున్న కాలవలోకి దిగేవి. చిత్తిరై ఎండల్లో, ఊరి కుక్కలు నాలుక చాపి పడుకునే రోజుల్లో, మోకాలి లోతు నీళ్లు. గేదెలు అందులో పొర్లి తెల్లగా లేచేవి, ఆడవాళ్లు రాళ్ల మీద బట్టలు ఉతుకుతూ పాటలు పాడేవాళ్లు. రాగులు తప్ప ఎరగని మడిలో అత్త వరి నాటింది. ఆడి పద్దెనిమిదికి, కొత్తనీళ్ల పండక్కి, ఎప్పుడూ హొగెనకల్లు జలపాతానికి పోయే ఊరు, ఆ ఏడు కాలవ గట్టు మీదే చాపలు పరుచుకుని పులుసన్నం, కొబ్బరన్నం, పెరుగన్నం తింది. పసుపు దారాలు కట్టుకున్న చేతులతో ఆ తెల్లని నీళ్లకు దణ్ణం పెట్టింది.

బావిలో నీళ్లు మాత్రం ఎప్పుడూ చూడని మెట్ల దాకా దిగిపోయాయి. వానలు తగ్గాయి కదా అనుకున్నారు అందరూ.

ఆయుధపూజకు క్వారీ మోటార్లు కడిగి, పూలదండలు వేసి, బూడిదగుమ్మడి కాయ కొట్టి, మాకు బొరుగులూ పుట్నాలూ పంచి, పనివాళ్లంతా ఊళ్లకు పోయారు. మోటారు మోత ఆగేసరికి బావి పావురాళ్ల కూత మళ్లీ వినిపించింది. కాలవ ఎండింది. ఆ సెలవుల్లోనే ఒక పొద్దున అత్త వెనక నేనూ బావికి పోయాను. ముందు రోజు పొడి మెట్టు మీద ఆమె చుట్టి పెట్టిన పలుపుతాడు నీళ్లలో తేలుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. అత్త మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ తాడునే చూసింది.

ఇంటికి రాగానే నాయనతో అంది: "వాన పడలేదు. నీళ్లు ఎక్కినాయి. వాళ్ల మోటారు నిలబడింది, అంతే."

"ఆ కాలవే గదక్కా మన వరిని నిలబెట్టింది," అన్నాడు నాయన.

"అవి మన బాయి నీళ్లేరా. మన నీళ్లు తోడి మనకే పోసినారు. మనం దణ్ణం పెట్టినాము."

మోటారు మళ్లీ మొదలయ్యాక అత్త క్వారీ మేనేజరును బావి దగ్గరకు పిలిపించి, తడి ఆరుతున్న మెట్లు చూపించింది. తీగ మీద పడిన నీళ్లనే తొట్టిలో తేర్చి మళ్లీ వాడుకోమంది, మిగతాది తోడొద్దంది. తోడకపోతే గుంత మునిగి పని ఆగుతుందన్నాడు ఆయన. ఊరు కూడా అత్త పక్కన నిలబడలేదు. కాలవ ఆగితే తమ వరి ఏం కావాలని పక్క మడుల వాళ్లు అడిగారు.

"నాది కూడా ఎండనీ. బాయి ఉంటే రాగులైనా తింటాము," అంది అత్త.

ఆమె అడుగుతూనే ఉంది, పోయి గుట్ట దగ్గర కూర్చుంటూనే ఉంది. చివరికి క్వారీవాళ్లు తొట్టెలు కట్టి, తోడటం పగటిపూటకే తగ్గించారు. తోడిన కాసిని నీళ్లూ తొట్టెల్లోకే పోయి కాలవ ఆగింది. పాలు పోసుకుంటున్న వరి కంకుల్లోనే తాలుగా మారిపోయింది. అందరికన్నా ముందు ఎండింది అత్త మడే. అయినా ఆ కాపు మొత్తం పక్కింటి ఆడవాళ్లు ఆమెతో మాట్లాడలేదు. మార్గళికి బావి నీళ్లు కొన్ని మెట్లు ఎక్కాయి. అత్త రాగులు చల్లింది. పిల్లలం మళ్లీ దూకాం.

కానీ గుంత ఏటేటా లోతుకు పోయింది. నేను పెళ్లై టౌనుకు వచ్చేనాటికి బావిలో బురద మిగిలింది, తర్వాత అదీ లేదు. క్వారీ మూతపడింది. ఇప్పుడు ఆ గుంతలో, మా బావి అడుగుకన్నా లోతున, పచ్చటి నీళ్లు నిలిచి ఉన్నాయి. నిట్టనిలువు రాతి గోడల మధ్య, దిగడానికి ఒక్క మెట్టయినా లేకుండా, చుట్టూ ముళ్లకంచెతో. పావురాళ్లు ఎటు పోయాయో తెలియదు. నీళ్ల దగ్గర పాటలు పాడేవాళ్లు లేరు. ఊరికి నీళ్లు బోరు గొట్టంలో వస్తాయి.

పోయిన నెల బావిలో ఎవరి మేకపిల్లో పడి చచ్చిపోతే, పూడ్పించడానికి అత్త సరేనంది. నేను వెళ్లాను. గుట్ట దగ్గర మిగిలిపోయిన రాతి ముక్కలను లారీ తెచ్చి కుమ్మరించింది. నడుము వంగిన అత్త గట్టు మీద నా చెయ్యి పట్టుకుని నిలబడి, చెవి ఒగ్గి వింది. రాళ్లు రాళ్ల మీద పడిన చప్పుడే వచ్చింది. ఇంకాసేపు వింది.

"సరి, ఇంటికి పోదాం రా పాపా," అంది.