మడత కింద సంతకం

బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే ఆ పిల్లను అందరూ కాజాలమ్మాయి అనేవారు. ఆమె మిషన్ వేగానికి జడిసి ఈగలు కూడా దారి మళ్ళేవంటే నమ్మండి, నమ్మకపోతే మీ ఇష్టం. ఆ వేగమంతా ఆరింటికల్లా కాలేజీ మెట్లెక్కడానికే. పగలు పనిచేసేవాళ్ళకు ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క సాయంకాలపు కాలేజీ. దాన్ని మూసేస్తారని పుకారు రాగానే ఆమెకు ముద్ద దిగలేదు. ఇంకో ఏడాది గడిస్తే డిగ్రీ చేతికొస్తుంది. లేదంటే జన్మంతా కాజాలే.

సరిగ్గా అప్పుడే మంత్రిగారు యువ సలహా మండలి అని పన్నెండుమందిని పోగుచేస్తూ ఆమెనూ పిలిచారు. తండ్రి పొంగిపోయి తన బూట్లు తళతళా తుడుచుకున్నాడు, వెళ్ళేది తాను కాకపోయినా.

మండలి సమావేశంలో కాలేజీ ఉంచాలంటూ ఆమె నాలుగు పేజీలు చదివింది. మంత్రిగారు కళ్ళు మూసుకుని తలూపారు.

"భేష్ తల్లీ. మీలాంటివాళ్ళు చెబితేనే మాకు తెలిసేది."

తర్వాత సంతకాలకని అట్టకు క్లిప్పుతో బిగించిన కాగితం ఒకటి ముందుగా ఆమె చేతికే వచ్చింది. పై సగం వెనక్కి మడిచి ఉంది. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ హాజరు పట్టీ కూడా రోజూ అలాగే మడిచి ఇస్తాడు. విప్పి చూస్తూ కూర్చుంటే మిషన్ ఆగుతుంది. అలవాటైన చెయ్యి అలవాటుగా గీసేసింది.

వారం తిరక్కుండా కాలేజీ గేటుకు నోటీసు వేలాడింది. యువ సలహా మండలి సిఫారసు మేరకు సాయంకాలపు తరగతులు రద్దు. కింద పన్నెండు సంతకాలు. మొదటిది ఆమెదే, కుట్టినంత పొందిగ్గా.

పరుగున వెళ్తే మంత్రి కార్యాలయం గుమ్మంలోనే బంట్రోతు ఆపాడు.

"లోపలికెళ్ళి ఏం చెప్తావమ్మా? సంతకం నీదేగా."

"దీనికోసమేనా బాబాయ్ మమ్మల్ని పిలిచింది?"

"పెద్దాళ్ళు మూసేస్తే పిల్లలు తిరగబడతారు. పిల్లలే మూసేయమన్నాక తిరగబడేదెవరు? ముప్పై ఏళ్ళు ఈ స్టూలు మీద నేను చదివిన చదువు ఇదొక్కటే."

గేటు దగ్గరికి తిరిగొచ్చేసరికి ఆమె క్లాసువాళ్ళు నోటీసు చుట్టూ మూగి ఉన్నారు. పక్క బెంచీలో కూర్చునే వెల్డర్ అడిగాడు.

"నీదేనా అక్కా ఇది?"

"నాదే."

ఎవరూ తిట్టలేదు. ఒక్కొక్కరే సైకిళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఫ్యాక్టరీలో హాజరు పట్టీ వచ్చింది. ఆమె మిషన్ ఆపి మడత విప్పింది. పై సగంలో తేదీ తప్ప ఏమీ లేదు.

"ఏంటా చూపు?" అన్నాడు సూపర్‌వైజర్. "సాయంత్రాలు ఇక ఖాళీయేగా. రెండో షిఫ్టుకి కూడా నీ పేరు రాశాను."