నీడన ఆరాల్సిన రికార్డు

మాడుగుల్లో హల్వా కొంటుండగా సెల్ మోగింది. మా పక్కింటి మావయ్య పోయారట. ఆ హల్వా ఆయన కోసమే. షుగరుందని కూతురు కేకలేస్తుందని నాచేత దొంగచాటుగా తెప్పించుకునేవారు. పొట్లం ఒళ్ళో పెట్టుకుని అనకాపల్లి దాకా బస్సులో ఏడుస్తూనే వచ్చాను.

ఆయన వరస కలుపుకున్న మావయ్య. వాళ్ళది చర్చికెళ్ళే కుటుంబం, మాది పూజల ఇల్లు, మధ్యలో నడుమెత్తు గోడ. చక్కెర మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఊరంతా సీడీలు కొంటున్న రోజుల్లో ఈయన పాత గ్రామఫోను రికార్డులు కడుగుతూ కూర్చునేవారు.

అందుకు మిషను కూడా సొంతంగా చేసుకున్నారు. ముక్కాలి పీటకి సైకిలు హబ్బు బిగించి, దానిమీద సన్నటి బోల్టు నిలబెట్టారు. రికార్డుని దానికి తొడిగి, మధ్యనుండే కాగితం తడవకుండా పైనా కిందా స్టీలు మూతలు పెట్టి, సైకిలు ట్యూబు ముక్కలతో బిగించేవారు. బ్యాటరీల్లో పోసే నీళ్ళు, అందులో ఒక్క చుక్క షాంపూ. ఎడమచేత్తో తిప్పుతూ కుడిచేత్తో మెత్తటి కుంచె ఆనించేవారు. నేను పాత పంచె గుడ్డ పట్టుకుని సాయం కూర్చునేదాన్ని.

"గీత ఎటు తిరిగితే సెయ్యీ అటే తిరగాలమ్మా. తుడవకు, అద్దు," అనేవారు. నేను హడావిడి పడితే, "తొందరైతే ఎల్లి అంట్లు తోముకో. అవేటీ అనుకోవు," అని తగిలించేవారు.

ఎవరు తెచ్చినా కడిగిచ్చేవారు గానీ, ఒక్క రికార్డు మాత్రం బీరువాలోంచి తీసేవారు కాదు. ఆయన భార్య, మా అత్తయ్య, పెళ్ళికి ముందు చర్చి బృందంతో మద్రాసు వెళ్ళి పాడిన క్రిస్మస్ పాటలవి. మొదటి పాటలో మొదటి నాలుగు లైన్లూ ఆవిడ ఒక్కర్తే పాడింది. కవరు మీద ఆవిడ పేరు కూడా లేదు. ఆవిడ పోయాక మిగిలిన గొంతు అదొక్కటే. ఒక వానాకాలం ఇల్లు కురిసి దానికి బూజు పట్టింది. అసలు మిషను చేసింది దానికోసమే. చెయ్యి తిరిగేదాకా ఊళ్ళోవాళ్ళవి కడిగారు.

మూడేళ్ళు పోయాక, ఒక వేసవిలో ధైర్యం చేశారు. కడిగి, అద్ది, "దీన్ని నీడన నిలబెట్టమ్మా," అని నా చేతికిచ్చి, ఎవరో పిలిస్తే వీధిలోకి వెళ్ళారు. మా ఇంట్లో ఎండ తగలనిదే ఏదీ ఆరినట్టు కాదు. తొందరగా ఆరిపోతుందని మేడ మీద నా వడియాల పక్కన పెట్టాను. కాసేపటికి వెళ్ళి చూస్తే అంచు అప్పడంలా లేచిపోయి ఉంది.

ఆ రికార్డు పాడుచేసింది నేనే. ఆయనకి తప్ప ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

"పాడుసేసేను మావయ్యా," అని ఏడ్చాను. ఆయన దాన్ని తీసుకుని, కంటి ఎత్తున పట్టుకుని చూసి, లోపలికి వెళ్ళిపోయారు. రెండు రోజులు గోడ దగ్గరకి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. మూడోనాడు ఆయనే పిలిచారు.

"ఫొటోలకుంటాయి సూడు, అద్దాలు, రెండు కావాల. ఊడదీసి పట్రా."

మా పెళ్ళి ఫొటో అద్దం, మా అమ్మావాళ్ళ ఫొటో అద్దం విప్పి ఇచ్చాను. వాటి మధ్య రికార్డు పెట్టి, పైన ఇనుప దిమ్మెలు పెట్టి నెల్లాళ్ళుంచారు. చాలావరకు సర్దుకుంది గానీ అంచు లొంగలేదు. అత్తయ్య పాడే చోట గ్రామఫోను ముల్లు పాటలో ఒక ముక్క గెంతేసేది. అక్కడికొచ్చేసరికి ఆ ముక్క మావయ్య అందుకునేవారు. గొంతు బాగోదు, శ్రుతి అసలే లేదు. ఆదివారం మధ్యాహ్నాలు గోడ ఇవతల నాకు వినబడేది. విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

మట్టి చేసిన మూడోరోజున వాళ్ళమ్మాయి ఆ రికార్డు పట్టుకొచ్చింది.

"నాన్న ఇది నీకిమ్మన్నారు వదినా. వానకి తడిసి వంకర తిరిగిపోయిందంట కదా."

వానకట! కన్నకూతురికి కూడా నా పేరు చెప్పలేదు ఆ మహానుభావుడు. ఇక ఆగలేక, వడియాలతో సహా అంతా చెప్పేశాను. ఆ పిల్ల రికార్డు అంచు వేలితో తడిమి చూసింది. తర్వాత, "పెట్టు వదినా, ఓసారి ఇందాం," అంది.

వాళ్ళింటికెళ్ళి మావయ్య గ్రామఫోను మీదే పెట్టాం. అత్తయ్య గొంతు లేచింది. అంచు ఎత్తుగా వచ్చినప్పుడల్లా ముల్లు లేచి దిగుతోంది. ఆ చోటికొచ్చి గెంతింది. ఆ ముక్క ఇద్దరం ఒక్కసారే అందుకున్నాం. మాకూ శ్రుతి లేదు.