నాలుగు నుంచి ఆరు దాకా

ఇంట్లో కంప్యూటర్ శానా నిదానమైపోయింది, వచ్చి చూడమని మా అక్క అంటే ఒక ఆదివారం పులివెందుల నుంచి ప్రొద్దుటూరు వెళ్ళాను. పనికిరాని ఫైళ్ళు ఒక్కొక్కటే తీసేస్తుంటే వాటి వెనక మూయకుండా వదిలేసిన చాట్ కనిపించింది. మా మేనకోడలు ఆడే ఆటలోది అది. ఆడుతూనే అవతలివాళ్ళతో రాసుకోవచ్చు. పైనవన్నీ చెరిపేసి ఉన్నాయి. రెండే వరుసలు మిగిలాయి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"మీ అమ్మ ఎన్నింటికి వస్తుంది?"

"ఆరింటికి."

అడిగినవాళ్ళకు పేరు లేదు, కొన్ని అంకెలు ఉన్నాయి. బొమ్మ ఉండాల్సిన చోట పిల్లికూన ఉంది.

మా పాప చెప్పిన జవాబు సరైనదే. అక్క జమ్మలమడుగులో టీచరు. బడి వదిలాక బస్సెక్కి ప్రొద్దుటూరులో దిగి ఇల్లు చేరేసరికి ఆరవుతుంది. బావది సిమెంటు ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు. మధ్యాహ్నం పోతే అందరూ పడుకున్నాక గానీ రాడు. పన్నెండేళ్ళ పాప నాలుగింటికి బడి నుంచి వచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుంటుంది. నాలుగు నుంచి ఆరు దాకా ఆ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఈ సంగతి ఆ రోజు దాకా ఇంట్లోవాళ్ళకూ పక్కింటి అవ్వకూ మాత్రమే తెలుసనుకున్నాను. ఇప్పుడు ఆ పిల్లికూన బొమ్మ వెనక ఉన్న మనిషికి కూడా తెలుసు.

పాపను పిలిచి అడిగాను. ఫ్రెండ్ అంది. ఏ ఊరని అడిగితే తెలియదంది. ఆడపిల్లా మగపిల్లాడా అంటే అదీ తెలియదంది. ఇంకేమన్నా అడిగారా అంటే, "ఏం లేదు మామా" అని తల దించుకుంది. నేను రెండోసారి అడగలేదు. నాకు చేతనైన పనిలోకి దిగాను.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుకుని, పులివెందులలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను నేను. అరవై మిషన్లు నా చేతి కింద ఉంటాయి. పిల్లలు ఏం చూడొచ్చు, ఏం చూడకూడదు, ఎంతసేపు కూర్చోవచ్చు అన్నవి పెట్టడం నాకు రోజువారీ పని. అక్క ఇంట్లో అది గంటలో అయిపోయింది. పాపకు వేరే లాగిన్ చేశాను. రోజుకు ఒక గంట, అదీ నాలుగుకీ ఆరుకీ మధ్యనే. బడివాళ్ళ పేజీ, టైపింగ్ నేర్పే పేజీ, బొమ్మలు గీసుకునేది, ఈ మూడే తెరుచుకుంటాయి. గడియారం మార్చడానికి లేకుండా చేశాను. ఏ రోజు ఎన్నింటికి కూర్చుంది, ఏం చేసింది అన్న చిట్టా నా ఫోనుకు వచ్చేలా పెట్టాను.

పాప నా కుర్చీ వెనకే నిలబడి అంతా చూసింది. ఏడుస్తుందనుకున్నాను గానీ ఏడవలేదు.

"ఆట మొత్తానికే తీసేస్తాండావా మామా?"

"తీసేస్తాండా."

"ఆ ఫ్రెండ్ ఏమన్నా రాస్తే?"

"రాసినా నీకు కనపడదు. మనకు కావాల్సింది అదే కదా."

పాప ముఖం పాలిపోయింది. ఆట పోయినందుకే అనుకున్నాను.

మొదటి వారం నాకు భయం తగ్గలేదు. మధ్యాహ్నం మూడున్నర నుంచే ఫోను చేతిలోనే ఉండేది. నాలుగూ ఎనిమిదికో పదికో పాప లాగిన్ అయినట్టు చిన్న శబ్దం వచ్చేది. అప్పుడు ల్యాబులో నా పని నేను చూసుకునేవాణ్ణి. అక్క జమ్మలమడుగు బస్టాండు నుంచి ఫోన్ చేసేది.

"వచ్చిందా అబ్బీ?"

"వచ్చిందక్కా. నాలుగూ తొమ్మిదికి కూర్చునింది."

"సరే."

అంతకు ముందు అక్క రోజూ పక్కింటి అవ్వకు ఫోన్ చేసి, పాప వచ్చిందేమో ఒకసారి చూడమని బతిమాలేది. అవ్వకు చెవులు సరిగా వినపడవు. ఒకటే మాట నాలుగుసార్లు అరిచి చెప్పాలి. బస్టాండులో అందరూ తనవైపే చూస్తారని అక్క బాధ. నా చిట్టా వచ్చాక ఆ ఫోన్లు మానేసింది. నేను మానమనలేదు, మానొద్దనీ అనలేదు. గంట దాటకుండా ఆపడానికి పెట్టిన ఏర్పాటు, పాప ఇల్లు చేరిందని చెప్పే హాజరుపట్టీ అయిపోయింది. రెండు నెలలు అలాగే గడిచాయి.

ఒక శుక్రవారం అక్క బడిలో మధ్యాహ్నం మీటింగు ఏదో రద్దయి, టీచర్లను ముందే పంపేశారు. నాలుగున్నరకే ఇంటి ముందు దిగింది. అక్కడి నుంచి నాకు ఫోన్ చేసింది.

"పాప ఈరోజు రాలేదా అబ్బీ?"

నేను చిట్టా చూశాను. నాలుగూ పదకొండుకు లాగిన్. ఇప్పటికీ నడుస్తోంది.

"వచ్చింది కదక్కా. కంప్యూటర్ ముందరే ఉండాది."

"బయట తాళం వేసుంది."

ఒక్క క్షణం నాకు ఆ మాట అర్థం కాలేదు. పాప లోపలుంటే బయట తాళం ఎవరు వేశారు? పాప లోపల లేకపోతే కంప్యూటర్ ముందు కూర్చున్నది ఎవరు?

"కిటికీలో చూడక్కా."

"మూసుంది. ఫ్యాను తిరుగుతాండే శబ్దం వస్తాంది." అక్క గొంతు తగ్గిపోయింది. "టకటకమని ఏందో కొడతాండారు లోపల."

నేను టైపింగ్ పేజీ వివరాలు తెరిచాను. రెండు నెలల్లో ఒక్కసారి కూడా వాటిలోకి పోలేదు, మొదటి వరుసలో లాగిన్ సమయం చూసి మూసేసేవాణ్ణి. మా పాప నిమిషానికి ముప్పై మాటలు కొట్టగలదు. ఆ రోజు లెక్క నిమిషానికి మూడు. వెనక్కి జరిపాను. మంగళవారం నాలుగు. అంతకు ముందు శుక్రవారం మూడు. దాని ముందు మంగళవారం రెండు. ఆ కుర్చీలో వారానికి రెండు రోజులు మా పాప కాని మనిషి ఎవరో కూర్చుంటున్నారు. ఆ సంఖ్యలన్నీ నా జేబులోనే ఉన్నాయి.

"అక్కా, తాళం తియ్యొద్దు. తలుపు కాడ నిలబడొద్దు. వీధిలోకి రా. మనుషుల్ని పిలుచు."

"పాప లోపలుంటే?"

"ముందు మనుషుల్ని పిలుచు."

ఎదురింటివాళ్ళూ, సైకిల్ షాపు మనిషీ వచ్చారు. ఫోను ఆన్‌లోనే పెట్టుకుని, ఇద్దరిని వెంటబెట్టుకుని అక్క వెనక సందులోంచి పెరట్లోకి పోయింది. నాకు అడుగుల చప్పుడు వినపడింది. తర్వాత పెరటి తలుపు. తర్వాత అక్క, "అవ్వా" అని.

మా అక్క ఇంటికీ పక్కింటికీ పెరడు ఒకటే. పక్కింటి అవ్వ చర్చివాళ్ళ బడిలో చాలా ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పి రిటైరైంది. అబద్ధం ఆడే మనిషి కాదు. చెవి మిషను తన ఇంట్లోనే వదిలేసి, కళ్ళజోడు పెట్టుకుని, పాప కుర్చీలో కూర్చుని, ఒక వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొడుతోంది. ఇంతమందిని చూసి ఆమే ముందు భయపడిందట. అక్క అరిచి అడిగితే చెప్పింది.

"మీ తమ్ముడు చెప్పినాడంట గదమ్మా, దినామూ ఒక గంట ఆడించకపోతే మిషను పట్టేస్తాదని. పాప ట్యూషన్‌కు పోయే రోజుల్లో నన్ను కూర్చోమనింది. మా ఆయన స్కూటర్‌ను గూడా నేను ఆదివారం ఆదివారం స్టార్ట్ చేస్తానే, ఇదీ అట్లాంటిదే అనుకున్యా."

పాపకు ట్యూషన్ లేదు.

సైకిల్ షాపు మనిషి నవ్వాడట. అక్క నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఇంట్లో ఉన్నది ఎవరో తెలిసింది గానీ, పాప ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అక్క క్లాసు పిల్లల ఇళ్ళకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. నేను బండి తీశాను. అయిదు కావడానికి అయిదు నిమిషాలుంది.

ముద్దనూరు రోడ్డు మీద నాకు వచ్చిన ఆలోచనలు ఇప్పటికీ వరుసగా గుర్తున్నాయి. పాప ఎవరి దగ్గరికో వెళ్తోంది. రెండు నెలలుగా వెళ్తోంది. మంగళవారం, శుక్రవారం అని వాళ్ళు చెప్పి ఉంటారు. వెళ్ళి తిరిగి వస్తోంది కాబట్టి ఇంతవరకు ఏమీ జరగలేదు. లేదా జరిగి, మాకు తెలియలేదు. ఆట మూస్తే ఆ మనిషి పోతాడనుకున్నాను. మూసింది మాకు కనపడే కిటికీని మాత్రమే. ఇక్కడికి వచ్చాక మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యేవి. దారి పొడుగునా బస్సుల కిటికీల్లోకి చూస్తూ పోయాను. బడి బట్టల్లో ఉన్న ప్రతి ఆడపిల్లా వెనక నుంచి మా పాపలాగే ఉంది.

ముద్దనూరు ఇంకా రాకముందే ఫోన్ మోగింది. బండి పక్కకు ఆపాను గానీ వెంటనే ఎత్తలేకపోయాను. రెండోసారి మోగినప్పుడు ఎత్తాను.

"దొరికింది," అంది అక్క.

నేను చేరేసరికి ఆరున్నర దాటింది. జరిగింది అక్క చెప్పింది. పాప మూడు వీధుల అవతల తన క్లాసు పిల్ల ఇంట్లో ఉంది. పోయిన ప్రతిసారీ మాదిరే అయిదు దాటాక వెనక సందులోంచి వస్తూ, ఇంటి దగ్గర జనాన్ని చూసి, తిరిగి ఆ ఇంటికే పరుగెత్తిందట. ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పాప ఏమీ తినలేదు. అక్క కొట్టలేదు, తిట్టలేదు. అదే పాపను ఎక్కువ భయపెట్టినట్టుంది.

మిద్దె మెట్ల మీద పాప పక్కన కూర్చున్నాను. అడగాల్సినవి దారిలోనే అనుకుని వచ్చాను, ఒక వరుసలో. మొదటిదే అడిగాను.

"జనాన్ని చూసి ఎందుకు పరిగెత్తినావు?"

"వాడు వచ్చినాడేమో అనుకున్యా."

"ఎవరు?"

"ఆ ఫ్రెండ్."

తర్వాత అడగాల్సినవి నేను మర్చిపోయాను. పాపే చెప్పుకుంటూ పోయింది, నేలకేసి చూస్తూ.

"వాడు ఫోటో అడిగినాడు మామా. నాది కాదు, ఇంటిది. మా తలుపు యాట్లుంటాదో చూపించమన్యాడు. అమ్మ పాత ఫోనుతో తీసి పంపిస్తి. ఒకరోజు వస్తా అన్యాడు. ఏ రోజో చెప్పలేదు. అంతలో నువ్వొచ్చి ఆట తీసేస్తివి. ఇంక నాకు యాడ తెలుస్తాది, వాడు ఎప్పుడొస్తాడో?"

క్లాసు పిల్ల వాళ్ళమ్మ ఫోను మంగళవారం, శుక్రవారం ఇంట్లో ఉంటుంది. అందులో ఆట తెరిచి, ఆ మనిషి ఏమన్నా రాశాడేమో చూసుకోవడానికి పోయేది. అంతే. ఆ రోజుల్లో నాలుగూ పదికి లాగిన్ కాకపోయినా, తర్వాత ఏమీ కొట్టకపోయినా నేను అక్కకు చెప్తానని, లాగిన్ చేసి, పెరటి తలుపులోంచి అవ్వను తెచ్చి కూర్చోబెట్టి, వీధి తలుపుకు బయట తాళం వేసుకుని పోయేది.

"మిగతా రోజులు?"

"లోపల గడియ పెట్టుకుని, కంప్యూటర్ సౌండు ఎక్కువ పెట్టుకుంటా. ఇంట్లో మనుషులుండారని అనుకోవాల కదా. గంట అయిపోతే అది ఆగిపోతాది. అప్పటి నుంచి అమ్మ వచ్చేదాకా మంచం కింద కూర్చుంటా."

నేను గర్వంగా పెట్టిన ఆ ఒక గంట అయిపోయాక, ప్రతి రోజూ మిగిలిన ఇంకో గంట అది. చిట్టాలో ఆ గంటకు వరుస లేదు. కంప్యూటర్ ఆగిపోతే లెక్క కూడా ఆగిపోయేది.

"నాకెందుకు చెప్పలేదు పాపా?"

"చెప్తే ఆ ఒక్క గంట గూడా తీసేస్తావని."

మరునాడు బావ సెలవు పెట్టాడు. ఆ ఫోను తీసుకుని, క్లాసు పిల్ల తల్లిని కూడా వెంటబెట్టుకుని స్టేషన్‌కు పోయాం. ఫిర్యాదు రాసుకుని, కాగితం ఇచ్చారు. ఆ చాట్‌లో చివరి మాట అయిదు వారాల కిందటిది, "ఎందుకు మాట్లాడటం లేదు?" అని. ఆ తర్వాత ఆ ఖాతానే లేదు. ఆ మనిషి పెద్దవాడో, పాప ఈడు పిల్లాడో, ఈ జిల్లావాడో ఎక్కడివాడో ఇప్పటికీ మాకు తెలియదు. ఏమన్నా తెలిస్తే చెప్తామన్నారు. నేను రెండుసార్లు పోయి అడిగాను.

పాప ఇప్పుడు బడి నుంచి నేరుగా అవ్వ ఇంటికి పోతోంది. అక్క వచ్చేదాకా అక్కడే. రోజుకు గంట అన్నది అలాగే ఉంచాను, అయితే అది ఇప్పుడు అక్క వచ్చాకే. చిట్టా పాప కూడా చూసేలా మార్చాను. అక్క జమ్మలమడుగు బస్టాండులో నిలబడి, ఎవరు చూసినా సరే అనుకుని, అవ్వకు ఫోన్ చేసి అరుస్తోంది.

ఆ తర్వాతి ఆదివారం తలుపు రంగు మార్చమని పాప అడిగింది. నీలం రంగు తలుపు అది. బావ గోధుమరంగు పెయింటు డబ్బా తెచ్చాడు. నేనూ ఒక బ్రష్ తీసుకున్నాను. తలుపు మీది ఇనుప గడియను విప్పి వేరేది బిగించాం. పాప వీధి అవతలికి పోయి, ఫోటో తీసిన చోటే నిలబడి చూసింది. పక్కకు జరిగి ఇంకోసారి చూసింది. కాసేపటికి నా దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు గుర్తుపట్టలేడు కదా మామా?"

కిటికీలు అవే. మెట్లు అవే. గోడ మీద ఇంటి నంబరు అదే.

"పట్టలేడు," అన్నాను.

పాప నా ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత నా చేతిలోని బ్రష్ తీసుకుని, తలుపు అంచున ఇంకా నీలంగా ఉన్న సన్నటి గీత మీద రంగు వేయడం మొదలుపెట్టింది.